పెట్టె మీద గొంగడి

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ డైరీ పప్పు మిల్లు వాళ్ళు పంచింది. అట్ట మీద కందికాయల బొమ్మ ఉంది. అశ్విని తెచ్చి నా చేతిలో పెట్టి, "అవ్వా, నీ ఫికర్లన్ని దీంట్ల రాసుకో. నాకు చెప్పుడు జర తక్కువ చెయ్యి," అంది. నవ్వుతూనే అంది. నేను చదివింది ఐదో తరగతి. ఒత్తులు అక్కడక్కడ జారిపోతాయి. ఎవరు చూడొచ్చారు.

అయితే రాస్తాను. మొదటి ఫికర్ అశ్వినిదే.

మా మల్లేశ్వర్ కూతురు. కొడుకూ కోడలూ దోమ మండలంలో ఒక ఊళ్ళో గొర్రెలతో ఉంటారు. ఈ పిల్ల డిగ్రీ చదవడానికని తాండూరులో నా దగ్గరకు వచ్చింది, చదువు అయిపోయినా నాతోనే ఉండిపోయింది. పెళ్ళి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి సినిమా లాగా చేస్తుంది. పని ఇచ్చేది వికారాబాదులో ఫోటో స్టూడియో పెట్టిన దశరథ్ సారు. ఇన్నాళ్ళూ పుట్టినరోజులు, పుట్టువెంట్రుకలు, అవే ఇచ్చాడు. ఇప్పుడు ఒక పెద్ద పెళ్ళి ఇస్తానన్నాడు. అది బాగా కుదిరితే ఏడాది పొడుగునా ఆయన పెళ్ళిళ్ళన్నీ ఈ పిల్లవే. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. కుదరకపోతే ఈ ఇల్లు విడిచి ఎక్కడికన్నా పోయి, రూము తీసుకుని ఉద్యోగం చేస్తానంటోంది.

ఆ మాట అన్నప్పటి నుంచి నాకు అన్నం సరిగా పోవడం లేదు.

ఇప్పుడున్న ల్యాప్‌టాప్ పొయ్యి మీది పెనం అయిపోయింది. చేయి పెడితే చురుక్కుమంటుంది. పెద్ద కంప్యూటరు కావాలి. మల్లేశ్వర్ రెండు పొట్టేళ్ళను అమ్మాడు. బుధవారం వికారాబాదు పోయి తీసుకుంటారట. నేనూ పోతాను. ఒక్కదాన్ని పంపితే ఏది అంటగడతారో ఏమో.

ఫిబ్రవరి 12, బుధవారం

పోయి వచ్చాం. కాళ్ళు గుంజుతున్నాయి, అయినా రాస్తాను.

కొట్టు మెట్లెక్కి పైన ఉంది. నడిపే పిల్లవాడు శ్రీను. పిల్లవాడంటే పిల్లవాడేం కాదు, తల పక్కలకు నెరిసింది. లోపలి సామానంతా వాళ్ళిద్దరూ ఫోన్లోనే మాట్లాడుకున్నారు. ఇక మిగిలింది పైపెట్టె. దాన్ని వాళ్ళు క్యాబినెట్ అంటారు.

రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. ఒకటి ముందు భాగమంతా జాలి, జల్లెడకు ఉన్నట్టు సన్న సన్న రంధ్రాలు. రెండోదానికి ముందూ పక్కనా నల్లటి అద్దం, లోపల రంగు దీపాలు.

"నాకు జాలిదే కావాలె అన్నా," అంది అశ్విని.

"మంచిగ సోంచాయించినవ్ చెల్లె. ముంగటికెల్లి సల్లగాలి గుంజుకుంటది, ఎనుకకెల్లి, మీదికెల్లి ఉడుకుగాలి ఇడుస్తది. కింద కరెంటు డబ్బా ఉంటది, అది అడుగుకెల్లి పీల్చుకుంటది. వీడియో పని అంటె గంటలకొద్ది నడవాలె గద, గిదే కరెక్టు."

"దాంట్లకు దుమ్ము పోదా బిడ్డా?" అన్నాను.

"పోతదవ్వా. ఫిల్టర్ ఉంటది. వారానికోసారి తీసి దులుపుకోవాలె."

"మాది తాండూరు. మా గల్లీల బండలు కోస్తరు."

"ఎర్కనే. తాండూరు కంప్యూటర్ ఇప్పితె నాకు సిమెంటు బస్తా ఇప్పినట్టే ఉంటది," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మా ఆయన మొగులప్ప ముప్పై ఏళ్ళు బండల పాలిష్ యూనిట్‌లో చేశాడు. రోజూ సాయంత్రం గడప బయట ఆయన అంగీ విప్పించి దులిపేదాన్ని. అంగీ మీది దుమ్ము దులిపితే పోయింది. లోపలికి పోయింది పోలేదు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుగుకు పట్టి చూపించాడు.

"అద్దందాంట్లకు దుమ్ము పోదా?"

"తక్కువ పోతదవ్వా. గాలి గూడ తక్కువనే పోతది. పక్కలకు గీ సన్న సందులు తప్ప ఏం లేదు. ఎండకాలం హీట్ అయితది."

"హీట్ అయితె ఫ్యాను పెట్టుకుంటం. దుమ్ము పోతె తీయొస్తదా?"

"తీయొస్తదనే గద చెప్తున్న."

"అందరు గట్లనే అంటరు."

"అవ్వా," అంది అశ్విని. "నువ్వు జర కూసో. నీళ్ళు తాగు."

"నాకు నీళ్ళొద్దు. మీ తాత గూడ ఏం గాదు, ఏం గాదు అన్నడు. ఏమాయె?"

అశ్విని జాలి మీద వేళ్ళు పెట్టి కాసేపు అట్లాగే ఉంది. తర్వాత చేయి తీసేసింది.

"అద్దందే ఇయ్యి అన్నా."

"పక్కానా?"

"పక్కా. లేకుంటె మా అవ్వకు నిద్ర పట్టది, నన్ను పండనియ్యది."

"అవ్వ చెప్పిన పాఠం నాకు గూడ నోటికొచ్చింది," అన్నాడు శ్రీను, జాలి పెట్టెను మళ్ళీ అట్టలో పెడుతూ.

రైలులో అశ్విని కిటికీ పక్కన కూర్చుంది. అనంతగిరి గుట్టల వైపు చూస్తూ కూర్చుంది. అలసిపోయింది, పాపం.

ఫిబ్రవరి 13, గురువారం

నేను ఒక్కసారే అన్నాను. దుమ్ము ఏం చేస్తుందో చూసినదాన్ని కాబట్టి అన్నాను. ఎంచుకున్నది ఆ పిల్లే.

ఫిబ్రవరి 16, ఆదివారం

కంప్యూటరు వచ్చింది. శ్రీను మనిషిచేత ఆటోలో పంపాడు.

మా కురుమోళ్ళ ఇండ్లలో కొత్తది ఏది వచ్చినా ముందు గొంగడి మీద దిగాలి. నేను పెళ్ళికూతురిగా ఈ గొంగడి మీదే కూర్చున్నాను. మల్లేశ్వర్‌ను పురిటి నుంచి తెచ్చి మొదట పడుకోబెట్టింది దీని మీదే. మా అత్త వడికిన ఉన్ని, నల్ల గొర్రెలది. రంగు వేయలేదు. సందూకలో నుంచి తీసి నాలుగు మడతలు వేసి పరిచాను. పెట్టెను దాని మీద కూర్చోబెట్టి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. పక్కింటి భీమమ్మ వచ్చింది.

"ఏందక్కా, మనుమరాలికి పెండ్లి చేస్తున్నవా, డబ్బకు చేస్తున్నవా?"

"ముందు దీనికి చేస్తున్న. అదే తర్వాత దానికి తెస్తది."

"మరి పాలు గూడ తాపు. ఆకలైతది."

అశ్విని బాగా నవ్వింది. అందరం కొబ్బరి తిన్నాం. తర్వాత ఆ పిల్ల గొంగడి తీసేసి, రెండు బండ ముక్కలు పెట్టి, పెట్టెను వాటి మీదికి ఎత్తింది.

"ఉత్త బండ మీద పెడ్తవా బిడ్డా?"

"కింద సందు ఉండాలె అవ్వా. అడుగుకెల్లి గాలి పీల్చుకుంటది. ఊపిరన్నట్టు. బట్ట పెడ్తె ముక్కు మూసినట్టే."

సరేనన్నాను. గొంగడి మడిచి పెట్టె పక్కనే కుర్చీ మీద పెట్టాను. దగ్గర ఉంటే మంచిది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

పెద్ద పెళ్ళి వచ్చింది. బండల వ్యాపారి కిష్టప్ప గారి కూతురిది. అశ్విని నన్ను పట్టుకుని తిప్పింది. నాకు కళ్ళు తిరిగాయి.

పని నడుస్తున్నప్పుడు పెట్టె హోరుమంటుంది. వడ్లు తూర్పార పట్టినట్టు. దాని దగ్గర కూర్చుంటే కాళ్ళకు సెగ. ఆ పిల్ల కిటికీ తెరుస్తుంది. నేను మూస్తాను. మళ్ళీ తెరుస్తుంది.

"అవ్వా, దీనికి ఊపిరాడ్తలేదు. జాలిది తీసుకుంటె గింత కష్టం లేకపోవు."

ఇది మూడోసారి అనడం. నేను లేచాను. కిటికీ మూశాను. మొగులప్ప మంచాన పడ్డప్పటి నుంచి ఈ ఇంట్లో రోడ్డు వైపు కిటికీలు తెరవం.

మార్చి 6, గురువారం

భీమమ్మ వాళ్ళ చుట్టాల పిల్ల పట్నంలో హాస్టల్‌లో ఉంటుందట. మెట్ల మీద జారి చేయి విరిగిందట. అశ్వినికి చెప్పాను. "ఇంట్ల గూడ జారుతరు అవ్వా," అంది.

మార్చి 17, సోమవారం

దశరథ్ సారు ఫోన్ చేశాడు. అశ్విని చపాతీలు ఒత్తుతూ ఫోన్‌ను పెద్ద గొంతుకు పెట్టింది కాబట్టి నాకూ వినబడింది.

"అమ్మా అశ్విని, ఆదివారం కిష్టప్ప గారు పెండ్లయిన బిడ్డకు ఒడిబియ్యం పోస్తరు. ఊరంత పిలిచిండ్రు. పెద్ద తెర కట్టి నీ సినిమానే ఏస్తరు. శనివారం సాయంత్రానికి నా చేతుల ఉండాలె."

"ఉంటది సార్."

"మంచిగొస్తె చైత్రం, వైశాఖం పెండ్లిళ్ళన్ని నీకే. ఇంట్లనే చేసుకో, నాకేం. రాకపోతె నన్ను తప్పు పట్టొద్దు."

"ఉంటది సార్," అని మళ్ళీ అంది. ఫోన్ పెట్టేసి పిండి చేతులతోనే నా బుగ్గలు గిల్లింది. "నీ మనుమరాలు నీ నెత్తి మీదనే ఉంటది ఇగ. తప్పించుకోలేవు."

బుగ్గల మీది పిండి చాలాసేపు కడుక్కోలేదు.

మార్చి 20, గురువారం

పొద్దున్నే దశరథ్ సారు పిలిచాడు. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు తీసిన బొమ్మలేవో ఉన్నాయట, వచ్చి తీసుకుపొమ్మన్నాడు. అశ్విని పోయేముందు కంప్యూటర్‌లో పని పెట్టింది. కత్తిరించిన ముక్కలన్నీ కలిపి సగం సినిమా వండి పెడుతుందట. వచ్చేసరికి అయిపోతుందట.

"అవ్వా, దీన్ని ముట్టకు. బంద్ చెయ్యకు. చప్పుడైతే కానియ్యి. కిటికీ తెరిచి పెట్టిన, మూయకు. ఒక్క పూట."

"ముట్టను పో."

అటు పోయిందో లేదో ఎదురు యూనిట్ వాళ్ళు కోత మొదలుపెట్టారు. తెల్లటి దుమ్ము గల్లీ నిండా. కిటికీలో నుంచి ఎండలో మెరుస్తూ లోపలికి వస్తోంది. పెట్టె మీద పడుతోంది. వేలితో గీస్తే గీత పడింది. కిటికీ మూశాను. ఒక్క రెక్కే మూశాను. తర్వాత రెండోది కూడా మూశాను.

సందుల్లో నుంచి అయినా వస్తుంది కదా. గొంగడి పక్కనే ఉంది. పైనుంచి కప్పాను, అంతే. పక్కలకు వేలాడుతుంటే కొసలు కిందికి దోపాను. కోత ఆగే దాకానే.

కాసేపటికి హోరు ఎక్కువైంది. తర్వాత తగ్గింది. ఇప్పుడు అసలు చప్పుడే లేదు. పని అయిపోయినట్టుంది. ఇన్ని రోజులకు ఇల్లు నిమ్మళంగా ఉంది. దుమ్ము ఒక్క రవ్వ పడనివ్వలేదు.

టీ పెట్టుకుంటాను.

మార్చి 20, సాయంత్రం

అశ్విని రాకముందే గొంగడి తీసి మడిచాను. ఉడుకుగా ఉంది. ఏదో కాలిన వాసన. గల్లీలో చెత్త కాలుస్తున్నారేమో.

మార్చి 21, శుక్రవారం

రాయాలని లేదు.

మార్చి 22, శనివారం

అశ్విని నిన్నంతా ఆ పెట్టె ముందు నేల మీద కూర్చుంది. బొత్తాం నొక్కుతుంది, ఆగుతుంది, మళ్ళీ నొక్కుతుంది. వెలగదు. పాత ల్యాప్‌టాప్‌లో చేద్దామని చూసింది. అది ఈ పని మోయలేక ఆగిపోయింది.

శ్రీనుకు ఫోన్ చేసింది. ఆ పిల్ల గొంతు అంత పైకి లేవడం నేను ఎన్నడూ వినలేదు.

"రెండు నెలలు గూడ గాలేదన్నా! ఎసుంటి సామానిచ్చినవ్? నిన్ను నమ్మిన చూడు, నాదే బుద్ధి తక్కువ. మా నాయిన పొట్టేళ్ళను అమ్మి ఇచ్చిండు, నీకు మస్కరీ అయితుందా?"

అవతలి నుంచి ఏమన్నాడో తెలియదు. "తెస్త, తెస్త. నీ ముంగటనే ఇప్పుత," అని పెట్టేసింది.

నేను వంటింట్లో మెంతికూర గిల్లుతున్నాను. అంతా గిల్లేశాక చూసుకుంటే ఆకులు చెత్తలో, కాడలు గిన్నెలో ఉన్నాయి.

దశరథ్ సారు పని వేరే వాళ్ళకు ఇచ్చేశాడు. ఇద్దరిని కూర్చోబెట్టి, రాత్రీ పగలూ చేయించి రేపటికి ఎట్లాగో అందిస్తాడట.

అది ఎట్లా చెడిందో నాకేం తెలుసు. కరెంటు వస్తువు. వాటికి ఆయుష్షు ఇంత అని ఉండదు. కింద నుంచి గాలి పీలుస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు.

గొంగడి సందూకలో పెట్టి తాళం వేశాను.

మార్చి 23, ఆదివారం

ఈ రోజు కిష్టప్ప గారి ఇంట్లో ఒడిబియ్యం. భీమమ్మ పోయి వచ్చింది. తెర చాలా పెద్దదట. "సినిమా మంచిగనే ఉన్నదక్కా. కాని పెండ్లిపిల్ల ఏడ్చేకాడ పాట సరింగ కుదరలే. మన అశ్విని అయితె ఏడిపిస్తుండె అందరిని," అంది.

అశ్విని లోపల ఉంది, విన్నది. దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

మార్చి 24, సోమవారం

పెట్టెను దుప్పటిలో చుట్టి రైలులో తీసుకుపోయాం. నన్ను రావద్దంది. నేనే వెంట పడ్డాను. ఎందుకు పడ్డానో నాకు తెలుసు, రాయను.

శ్రీను ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు. "దా చెల్లె. ఎవరిది తప్పో చూద్దాం. నాదైతె కొత్తది ఇస్త, మాటకు కట్టుబడి ఉంట."

అద్దం పలక విప్పాడు. లోపల దుమ్ము పెద్దగా లేదు. నాకు ఒక్క క్షణం ధైర్యం వచ్చింది. చూశావా, అద్దం పెట్టె మంచిదే కదా అనుకున్నాను. తర్వాత కింది కరెంటు డబ్బా మరలు విప్పి బయటికి తీశాడు. దాని అడుగున చిన్న ఫ్యాను ఉంది. అది తిరగడం లేదు. సన్న పట్టకారుతో పట్టి లాగితే నల్లటి పోగు వచ్చింది. ఇంకా లాగాడు. ఇంకా వచ్చింది. ఫ్యాను ఇరుసుకు తాడు పేనినట్టు చుట్టుకుని ఉంది. బల్ల మీద తెల్ల కాగితం వేసి దాని మీద పెట్టాడు.

"ఇదేంది చెల్లె? లోపట మేకను గిట్ల సాదుతున్నరా?"

అశ్విని ఆ పోగును చూసింది. వంగి దగ్గర నుంచి చూసింది. వేళ్ళతో తీసి నలిపింది. నేను గోడకున్న క్యాలెండరు చూస్తున్నాను. అందులో తేదీలు కనబడటం లేదు.

"పిల్లి," అంది అశ్విని. "మా ఇంట్ల పిల్లి ఉన్నదన్నా. నల్లది. దాని పక్కనే పంటది. నేనే చూసుకోలే."

శ్రీను నా వైపు చూశాడు. ఆ పిల్ల వైపు చూశాడు.

"అయితె గదే. ఫ్యాను ఆగింది, డబ్బా ఉడికి కాలింది. బోర్డును గూడ పట్టుకపోయింది. నీ సినిమా ఉన్న డిస్కు మాత్రం మంచిగనే ఉన్నది."

"తప్పు నాదే అన్నా. మొన్న ఫోన్ల నోటికొచ్చినట్టు మాట్లాడిన. మాఫ్ చెయ్యి."

"ఊకో చెల్లె. పని పోయినోళ్ళకు కోపం రాదా?"

తర్వాత జాలి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. నెలన్నర కింద చూసిందే. అశ్విని నా చేయి పట్టుకుని బల్ల దగ్గరకు తీసుకుపోయింది.

"అవ్వా, నువ్వు చెప్పు. ఏది తీసుకుందాం?"

దెప్పినట్టు అడగలేదు. నిజంగానే అడిగింది. శ్రీను సొంత కంప్యూటరు కూడా అదే రకం, పక్కన నడుస్తోంది. "ఎనుక చెయ్యి పెట్టి చూడవ్వా," అన్నాడు. పెట్టాను. గొర్రెపిల్లను ఎత్తుకున్నప్పుడు దాని ముక్కు అరచేతికి తగిలితే వచ్చే ఊపిరి లాగా ఉంది.

జాలి పెట్టె మీద చేయి వేశాను.

మార్చి 24, మళ్ళీ

మా ఇంట్లో పిల్లి లేదు.

మార్చి 26, బుధవారం

రోజంతా ఒకటే గుర్తుకొస్తోంది. మందతో పెద్దవి మేతకు పోతే పసి గొర్రెపిల్లలను గంప కింద మూస్తాం. గంపకు సందులు ఉంటాయి. సందులు లేని గంప ఎవరూ అల్లరు. వాన పడితే గంప మీద గొంగడి కప్పినా ఒక పక్కన ఎత్తి రాయి పెట్టేది మా అత్త. చిన్నప్పటి నుంచి నా చేతులకు తెలిసిన పని. అశ్విని రెండు బండ ముక్కలు పెట్టి ఎత్తినప్పుడు నాకు అది ఎందుకు తట్టలేదు? ఊపిరన్నట్టు అని కూడా చెప్పింది కదా. చెప్పింది. ఈ డైరీలోనే రాసి ఉంది. వెనక్కి తిప్పి చూసుకున్నాను.

ఒక్కసారే అన్నానని రాశాను. కొట్టులో ఎన్నిసార్లు అన్నానో శ్రీనును అడిగితే చెబుతాడు.

దుమ్ము పోతుందని భయపడ్డాను. ఈ పిల్ల పోతుందని భయపడ్డాను. ఈ రెండు భయాలనూ కలిపి ఆ పెట్టెకు కప్పాను.

మార్చి 30, ఆదివారం, ఉగాది

పచ్చడి చేశాను. బెల్లం తక్కువైందని అశ్విని అంది.

కాలినవి మార్చిన కంప్యూటరు కొత్త పెట్టెలో వచ్చింది. ఇంట్లో ఒక్క పూట నడిపి చూసింది. హోరు లేదు, సెగ లేదు. ముందు జాలి కింద అయస్కాంతంతో అతుక్కునే పలుచటి ఫిల్టర్ ఉంది. దాన్ని ఎట్లా లాగాలో, ఎట్లా దులపాలో చూపించింది.

"దుమ్ము వస్తది అవ్వా. రానియ్యి. వచ్చింది తీస్తం. గింతే."

నేర్చుకున్నాను. ఇక వారానికోసారి నేనే చేస్తానన్నాను. అప్పుడు చెప్పింది. దశరథ్ సారు ఇంటి దగ్గరి పని ఇక ఇవ్వనన్నాడట. తన కళ్ళ ముందు స్టూడియోలో కూర్చుంటే చిన్న పనులతో మళ్ళీ మొదలుపెట్టనిస్తాడట. పెళ్ళిళ్ళ రోజుల్లో చాలా పొద్దుపోతుంది, రైలు దొరకదు. అందుకని వికారాబాదులో ఇంకో పిల్లతో కలిసి రూము చూసుకుంది. కంప్యూటరు కూడా తీసుకుపోతుందట.

"మంచిది బిడ్డా," అన్నాను. వద్దనడానికి నోరు ఎక్కడుంది నాకు.

ఏప్రిల్ 2, బుధవారం

పోయింది. ఆటో ఎక్కుతూ, "పిల్లిని మంచిగ చూసుకో," అంది. నవ్వింది. నేనూ నవ్వాను. ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఏప్రిల్ 5, శనివారం

రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. మొదటి మాట, "పిల్లి తిన్నదా అవ్వా?"

"ఆ, తిన్నది," అంటాను. తర్వాత వేరే సంగతులు. రూములో నీళ్ళు బాగా వస్తాయట. గుట్టల మీది నుంచి గాలి వస్తుందట. కిటికీకి తెర కూడా కట్టలేదట.

చెబుదామని ప్రతిసారీ అనుకుంటాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చినట్టు నాకు నేనే నటిస్తాను.

ఏప్రిల్ 9, బుధవారం

ఈ రోజు ఒక్కదాన్నే వికారాబాదు పోయాను. అశ్విని దగ్గరకు కాదు. శ్రీను కొట్టుకు.

మెట్లు ఎక్కేసరికి ఆయాసం. కుర్చీ వేశాడు. చెంబుతో నీళ్ళు ఇచ్చాడు. ఈసారి తాగాను.

"ఏమైందవ్వా? మళ్ళ చెడిందా?"

"లేదు బిడ్డా. నీకొక మాట చెప్పాలె. అది పిల్లి గాదు. మా ఇంట్ల పిల్లి లేదు. నేనే గొంగడి కప్పిన. అది నడుస్తుంటె కప్పిన. కొసలు నేనే కిందికి దోపిన. ఆ పిల్ల నిన్ను తిడ్తుంటె నేను ఇంటున్న, ఒక్క మాట అనలే."

శ్రీను చేతిలోని మర విప్పేది పక్కన పెట్టాడు.

"ఎర్కనే అవ్వా."

"అశ్విని చెప్పిందా?"

"ఆమె ఎందుకు చెప్తది? పిల్లికి గంత పొడుగు బొచ్చు ఉంటదా? మాది గూడ కురుమోళ్ళ ఇల్లే. గొంగడి పోగు చూస్తె తెల్వదా నాకు? మా అవ్వ ఫ్రిజ్ మీద కప్పింది, సలిపెడ్తది పాపమని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

"మరి ఆ రోజు ఎందుకు అనలే?"

"మనుమరాలు దాస్తుంటె నేనెట్ల అంట? ఆ చెల్లె ముఖం నువ్వు చూడలే. నువ్వు క్యాలెండర్ చూస్తున్నవ్."

టీ తెప్పించాడు. పాత అద్దం పెట్టె మూలన ఖాళీగా ఉంది. తీసుకుపోతావా అన్నాడు. వద్దన్నాను.

దశరథ్ సారు స్టూడియో ఆ వీధిలోనే. బయట నిలబడి చూశాను. అద్దం తలుపు వెనక అశ్విని కనబడింది. చెవులకు డబ్బాలు పెట్టుకుని ఎవరిదో చిన్న పాప పుట్టినరోజు కత్తిరిస్తోంది. పక్కన ఇంకో పిల్లవాడు పెళ్ళి చేస్తున్నాడు. ఆ పిల్ల కళ్ళు మాటిమాటికీ ఆ పెళ్ళి మీదికే పోతున్నాయి.

లోపలికి పోలేదు. రైలెక్కి వచ్చేశాను.

ఏప్రిల్ 13, ఆదివారం

పెట్టె ఉన్న చోట రెండు బండ ముక్కలు అట్లాగే ఉన్నాయి. వాటిని తీయలేదు. వాటి మధ్య ఊడ్చాను.

పొద్దున గొంగడిని సందూకలో నుంచి తీసి ఎండలో వేశాను. ఒక కొస దగ్గర గుప్పెడంత ఉన్ని పీకినట్టు పలుచబడింది. భీమమ్మ చూసి, "చిమ్మెట కొట్టిందా అక్కా?" అంది. "లేదు, కంప్యూటర్ తిన్నది," అన్నాను. "నేను ముందే అన్న గద, పాలు తాపుమని," అంది. నవ్వి, తర్వాత నా ముఖం చూసి గొంగడిని అటు తిప్పి పరిచింది.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆదివారం కదా, ముందుగానే చేసింది.

"పిల్లి తిన్నదా అవ్వా?"

"బిడ్డా, అది పిల్లి గాదు. నేను."

అవతలి నుంచి ఒకటే వినబడింది. ఆ జాలి పెట్టె నడుస్తున్న చప్పుడు, సన్నగా.

"ఎర్కనే అవ్వా," అంది.

"నీకు ఎర్కని నాకు గూడ ఎర్కనే. అయిన నా నోటితోని చెప్పాలె గద. జాలిది వద్దన్నది నేనే. నీ పెండ్లి సినిమా ఆగబట్టింది నేనే. నువ్వు ఇంట్ల ఉండాలని మస్తు ఆశపడ్డ. నేనే నిన్ను పంపిన."

"ఏడువకు."

"ఏడుస్తలే."

"ఏడుస్తున్నవ్. నాకు ఇనబడ్తుంది." తర్వాత ముక్కు ఎగబీల్చి అడిగింది, "ఇంతకు తిన్నవా, లేదా?"

"లేదు."

"పో, తిను. నేను ఫోన్ కట్ చెయ్యను, నువ్వు తింటుంటె ఇంటుంట."

కంచంలో అన్నం పెట్టుకుని, ఫోన్ పక్కన పెట్టుకుని తిన్నాను. ఆ పిల్ల పని చేసుకుంటోంది. మాటలేం లేవు. వచ్చే ఆదివారం వస్తాను, రైలు దొరికితే, అంది చివరకు. దొరకకపోతే ఏం కాదు అన్నాను. అది ఒక్కటే అబద్ధం.

ఇప్పుడు రోడ్డు వైపు కిటికీ తెరిచి, దాని కింద కూర్చుని రాస్తున్నాను. రెక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి, గట్టిగా తోయాల్సి వచ్చింది. ఎదురు యూనిట్ వాళ్ళు ఆదివారం కూడా ఏదో కోస్తున్నారు. గాలితో పాటు దుమ్మూ వస్తోంది. రాస్తుంటే కాగితం మీద తెల్లగా పడుతోంది. ఊదుతున్నాను, రాస్తున్నాను. మళ్ళీ పడుతోంది. మళ్ళీ ఊదుతున్నాను.